కాగితం మీద పుట్టిన పెద్దలు: వలస పాలనలో ఇగ్బోల కట్టుబాట్లు

వంశధార:
ఆఫ్రికాలో బ్రిటిష్ వారు స్థానిక సంప్రదాయాలను చెరపలేదనీ, ఉన్న పెద్దల చేతనే పాలన నడిపించారనీ మన పాఠ్యపుస్తకాల్లోనూ వ్యాసాల్లోనూ తరచుగా చదువుతుంటాం. ఉత్తర నైజీరియాలోని కానో, సొకోటో వంటి చోట్ల ఈ మాటకు కొంత ఆధారం ఉంది. అక్కడ ఎమీర్లనే ముస్లిం పాలకులు, వారి కింద పన్ను వసూలు చేసే ఉద్యోగులు, ఖాజీల న్యాయస్థానాలు అప్పటికే ఉన్నాయి. ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బో జాతివారి సంగతి వేరు. ఆ అడవి ప్రాంతంలో ఎమీర్లు లేరు, రాజులు దాదాపు లేరు. అయినా పెద్దలు కావాలి కాబట్టి ఎవరో ఒకరికి వారంటు అనే కాగితం రాసిచ్చి పెద్దలను తయారు చేశారు. ఈ పని 1914లో ఉత్తర, దక్షిణ ప్రాంతాలను కలిపిన బ్రిటిష్ పాలకుడు ఫ్రెడరిక్ లుగార్డ్ కంటే ముందే మొదలైంది. ఆయన దాన్ని మరింత బిగించాడు.

నా వాదన ఇది. అక్కడి పాలన ఏ సంప్రదాయం మీద నిలబడిందని చెప్పుకున్నారో ఆ సంప్రదాయాన్ని పాలకులే కల్పించారు. నిజంగా ఉన్న సంప్రదాయం, అందులోనూ ఆడవాళ్లది, వాళ్ల కంటికి ఆనలేదు. 1929లో ఆడవాళ్ల తిరుగుబాటుగా అదే వాళ్ల ఎదుటికి వచ్చి నిలబడింది. దీన్ని ఖండించేవారు, సవరించేవారు ఉంటే వినాలని ఉంది.

పాతకాగితం:
వంశధార గారూ, మీ వాదనలోకి దిగే ముందు అక్కడి ఊరు ఎలా నడిచేదో చెప్పుకోవడం మంచిది. ఇగ్బోలకు రాజు లేడన్నది వాళ్లలో వాళ్లే చెప్పుకునే మాట. నది ఒడ్డున ఉన్న ఒనిచా వంటి పట్టణాలు, పూజాధికారానికి పేరుపడ్డ న్రీ వంటి చోట్లు మినహాయింపులే గాని, చాలా ఊళ్లలో ఒక్క మనిషి మాట శాసనంగా చెల్లే పద్ధతి లేదు. ఒకే మూలపురుషుడి సంతతిమని నమ్మే కుటుంబాలన్నీ ఒక వాడగా, కొన్ని వాడలు ఒక ఊరుగా, కొన్ని ఊళ్లు ఒక సంతను నమ్ముకున్న సమూహంగా ఉండేవి. ఊరి బయలులో సభ కూడినప్పుడు మాట్లాడదలచిన ప్రతి మగవాడూ మాట్లాడేవాడు. పెద్దలు పక్కకు వెళ్లి మంతనాలాడి తీర్పు చెప్పేవారు. సభ దానికి సమ్మతిగా కేక వేయకపోతే మళ్లీ మొదటికి రావలసిందే. వాడలో అందరికంటే పెద్దవాడి దగ్గర ఓఫో అనే చిన్న కర్ర ఉండేది. అది చేతపట్టి చెప్పిన మాటకు పూర్వీకులు సాక్ష్యమని నమ్మేవారు. ఓజో వంటి బిరుదులు సొంత కష్టార్జితం ఖర్చు పెట్టి తీసుకునేవే తప్ప తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి కావు. బాటలు బాగుచేయడం, సంతకు కాపలా కాయడం ఈడు జట్ల పని.

1901–02లో బ్రిటిష్ సేన అరోచుక్వు మీద దండెత్తి, ఆ ప్రాంతమంతా తీర్పుల కోసం వెళ్లే దేవతాస్థానాన్ని పడగొట్టింది. ఆ తర్వాత జిల్లా అధికారులు ఊరూరా తిరిగి మీ పెద్దను చూపించండని అడిగారు. వచ్చినవాడు పెద్దను పట్టుకుపోతాడేమోనన్న భయంతో కొన్ని ఊళ్లు ఓఫో పట్టే పెద్దమనిషిని దాచిపెట్టి, పోయినా పరవాలేదనుకున్న మనిషిని ముందుకు తోశాయి. అలా తోయబడినవాడే మర్నాటి నుంచి ఊరందరి మీదా అధికారి అయ్యాడు. వారంటు పొందినవారిలో నిజమైన పెద్దలూ ఉన్నారని, అందరినీ ఒకే గాటన కట్టకూడదని ఈ విషయం మీద లోతుగా పనిచేసిన చరిత్రకారుడు అఫిగ్బో చూపించాడు. అయితే నిజమైన పెద్దకు వారంటు వచ్చినా ఒక చిక్కు మిగిలే ఉంది. తన వాడకు పెద్దయినవాడు పొరుగు ఊళ్లకు పెద్ద కాడు, కాగితం మాత్రం అతన్ని అన్నిటికీ పెద్దను చేసింది.

సీలేరు:
చర్చ బాగుంది కాని, ఒక అనుమానం. మన ఏజెన్సీలోనూ ముఠాలనే కొండ ఊళ్ల సమూహాలకు పెద్దలైన ముఠాదారులు ఉండేవారు, వారి నెత్తిన జమీందారు వంటి రంప మన్సబ్‌దారు ఉండేవాడు. అతని వసూళ్లు, కల్లు మీద వేసిన చిగురుపన్ను, పోలీసుల ఆగడాలు కలిసి 1879 నాటి రంప తిరుగుబాటుకు దారితీశాయి. అంటే సర్కారు నిలబెట్టిన మనిషి జనాన్ని పీడించడం ఎక్కడైనా జరిగిందే. ఇగ్బోల విషయంలో ప్రత్యేకత ఏమిటి?

పాతకాగితం:
తేడా ఉంది, సీలేరు గారూ. రంపలో తిరుగుబాటుకు ముందు నిలిచినవారిలో ముఠాదారులే ఉన్నారు. వాళ్ల పెద్దరికానికి కొండజనంలో పాత వేర్లున్నాయి కాబట్టి జనం వాళ్ల వెంట నడిచారు. వారంటు పెద్దకు అలాంటి వేరు లేదు. అతని బలమంతా స్థానికుల తగవులకు సర్కారు పెట్టిన నేటివ్ కోర్టుది. ఆ కోర్టులో కూర్చుని జరిమానా వేయగలడు, రోడ్డు పనికీ రైలు పనికీ మనుషులను పట్టించగలడు. పోర్ట్ హార్‌కోర్ట్ నుంచి ఎనుగు బొగ్గు గనులకు రైలు మార్గం వేస్తున్న రోజులవి, కూలీల అవసరానికి అంతులేదు.

లుగార్డ్ సంస్కరణల తర్వాత జిల్లా అధికారి ఆ కోర్టుల్లో అధ్యక్షత వహించడం తగ్గింది. దానితో ఇంగ్లీషు చదవగలిగిన కోర్టు గుమాస్తా చేతికి పగ్గాలు వచ్చాయి. సమన్లు రాసేది అతనే, అధికారికి చదివి వినిపించేదీ అతనే. చదువురాని వారంటు పెద్ద అతని మొహం చూసి మాట్లాడేవాడు. గుమాస్తా కింద బంట్రోతు, పెద్ద కింద అతని మనుషులు. మేక కావలసివస్తే మేక, పెండలం కావలసివస్తే పెండలం జనం ఇళ్ల నుంచి వచ్చేది. కన్యాశుల్కం సరిగా చెల్లించకుండానే, పిల్ల ఒప్పుకోకపోయినా వారంటు పెద్దలు పెళ్లి చేసుకున్నారన్న ఫిర్యాదు ఆడవాళ్లు 1929 తిరుగుబాటు తర్వాత జరిగిన విచారణలో పదే పదే చెప్పారు. ఇగ్బోలలో కన్యాశుల్కం రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి కొనసాగించే సంబంధం. దాన్ని ఎగవేయడం డబ్బు దొంగతనం కన్నా పెద్ద తప్పు.

రేవుపట్నం:
నేను పోర్ట్ హార్‌కోర్ట్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాడిని. ఆబా పట్టణానికీ చుట్టుపక్కల ఊళ్లకూ పనిమీద వెళ్తుండేవాడిని. పాత కట్టుబాటు ఎంత నిలిచిందో ఒక్క విషయంలో చెప్తాను. మీరు ఒక ఇగ్బో ఇంటికి వెళ్తే మొదట మర్యాదగా కోలాకాయ అనే చేదు గింజ వస్తుంది. గుండ్రటి చెక్క పళ్లెంలో పెట్టి తెస్తారు. అది చేతులు మారుతూ, అక్కడున్నవారి బంధుత్వాల వరుస ప్రకారం తిరిగి, మళ్లీ ఇంటి యజమాని దగ్గరికి వస్తుంది. అందరిలో పెద్దవాడు దాన్ని చేతిలో పట్టుకుని పూర్వీకులను తలుచుకుంటూ ఇగ్బో భాషలోనే ప్రార్థిస్తాడు. కోలాకాయకు ఇంగ్లీషు వినపడదని అక్కడ నవ్వుతూ అంటారు గాని, ఆ నియమం తప్పినవాడిని నేను చూడలేదు. పగలగొట్టాక ఎన్ని బద్దలున్నాయో లెక్క చూస్తారు. నాలుగుంటే ఎకె, ఒరియె, అఫో, న్‌క్వో అనే నాలుగు సంత రోజులకూ శుభమని సంతోషిస్తారు. వారి పాత వారానికి నాలుగే రోజులు, ఊరి సంతలు ఇప్పటికీ ఆ లెక్కనే కూడుతుంటాయి.

కోలాకాయను ఆడవాళ్లు పగలగొట్టరు. ఇది చూసి, ఆడవాళ్లకు అక్కడ చోటు లేదని మొదట్లో అనుకునేవాడిని. ఒక వృద్ధుడి అంత్యక్రియలకు వెళ్లినప్పుడు వేరే సంగతి కనిపించింది. ఆ వంశంలో పుట్టి పొరుగూళ్లకు కోడళ్లుగా వెళ్లిన ఆడపడుచులంతా ఒక జట్టుగా వచ్చి దిగారు. వాళ్లను ఉమువాడా అంటారు. వాళ్లు వచ్చేవరకు ఏ పనీ కదలలేదు. వాళ్లకు పెట్టిన భోజనంలో ఏదో లోటు జరిగిందని అలిగితే, పంచెలు కట్టి గంభీరంగా కూర్చున్న మగవాళ్లే వెళ్లి బతిమాలారు. మన ఆడపడుచు కట్నాలు, అలకలు తెలిసినవారికి ఇది వింతగా అనిపించదు.

తంగేడుపూలు:
రేవుపట్నం గారు చెప్పిన దగ్గర నుంచే నేను అందుకుంటాను. ఇగ్బో ఊరిలో ఆడవాళ్లకు రెండు సభలు ఉండేవి. ఒకటి పుట్టినింటి ఆడపడుచులది, రెండోది ఆ ఊరికి కోడళ్లుగా వచ్చినవారిది. సంతలో ధరల కట్టుబాటు, పైరు మేసిన పశువుల తగవు, భార్యను కొట్టిన మగవాడి సంగతి ఈ రెండో సభకు వచ్చేవి. పంటల్లోనూ విభజన ఉంది. పెండలం మగవాడి పంట, దాని చుట్టూనే కొత్త పెండలం పండుగ, బిరుదులు, ప్రతిష్ఠ. చామదుంప, కర్రపెండలం ఆడవాళ్లవి, ఇంటిల్లిపాది కడుపు నింపేవి అవే.

ఎవడైనా మగవాడు సంత నియమం ఉల్లంఘించినా, భార్యను హింసించినా, అతని పశువులు ఆడవాళ్ల చేలు మేసినా ముందు కబురు పంపేవారు. వినకపోతే ఆ మగవాడి మీద కూర్చునేవారు. అంటే ఊరి ఆడవాళ్లంతా సాయంత్రం వేళ అతని ఇంటికి చేరి, అతని తప్పులను పాటలుగా కట్టి పాడుతూ, ఆడుతూ, పెండలం దంచే రోకళ్లతో గోడలు బాదేవారు. ఒక్కోసారి పైకప్పు పీకేవారు, మట్టిగోడ కొంత కూల్చేవారు. అతని మగతనాన్ని ఎద్దేవా చేసే పాటలకు కొదవ ఉండేది కాదు. క్షమాపణ చెప్పి, నడవడి మార్చుకుంటానని మాటిచ్చేదాకా రాత్రింబవళ్లు అక్కడే ఉండేవారు. తోటి మగవాళ్లు అడ్డుపడేవారు కారు. అతని భార్య తరఫున ఊరంతా కదిలిందంటే అతనిదే తప్పని అందరికీ తెలుసు.

వలస అధికారి ఊరికి వచ్చి మీ పెద్దలను పిలవండి అన్నప్పుడు ఈ సభలు అతని లెక్కలోకి రాలేదు. విక్టోరియా రాణి కాలంలో చదువుకుని వచ్చిన ఆ అధికారి దృష్టిలో పాలన మగవాళ్ల పని. వారంట్లు మగవాళ్లకే వెళ్లాయి. ఆడవాళ్ల సభ తీర్చవలసిన తగవు కోర్టుకు పోయింది. ఆ కోర్టులో కూర్చున్నవాడి మీదనే ఫిర్యాదు ఉంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

మెట్టసేద్యం:
చింతలపూడి వైపు పామాయిల్ తోట ఉన్న రైతుగా ఈ చర్చలో నాకూ ఒక మాట ఉంది. మేము సాగుచేస్తున్న చెట్టు పుట్టిల్లు ఆ పశ్చిమాఫ్రికా అడవులే. మా గెలలు ఫ్యాక్టరీకి పోతాయి, నూనె తీయడం మాకు తెలియదు. ఇగ్బోల దగ్గర అదంతా ఇంటి పని. మగవాడు చెట్టెక్కి గెల కోస్తాడు. ఆడవాళ్లు పండ్లు ఉడికించి, దంచి, పీచును చేతులతో పిండి నూనె తీస్తారు. నూనె అమ్మిన డబ్బు మగవాడిది, లోపలి గింజ పగలగొట్టి అమ్మిన డబ్బు ఆడవాళ్లది. ఈ గింజల మీద వచ్చే ఆదాయంతోనే వాళ్లు సంతల్లో సొంత వ్యాపారాలు నడిపారు. 1920లు ముగిసేసరికి నూనె ధర, గింజల ధర రెండూ పడిపోయాయి, కొనే గుడ్డలూ ఉప్పూ మాత్రం ప్రియమయ్యాయి. సరిగ్గా ఆ సమయంలో పన్ను వచ్చిపడింది. కాబట్టి కోడళ్ల సభలు, ఆడపడుచుల మర్యాద అన్నీ నిజమే గాని, 1929 గొడవకు అసలు కారణం ధరలు, పన్ను. కట్టుబాటు దానికి వేసిన పై పూత మాత్రమేనని నా ఉద్దేశం.

పాతకాగితం:
మెట్టసేద్యం గారు చెప్పిన ధరల సంగతి కాదనలేనిది. అయితే పన్ను ఎలా వచ్చిందో చూస్తే కట్టుబాటును పై పూత అనలేం. ఆగ్నేయంలో అంతకుముందు తలపన్ను లేదు. 1926లో మనుషులను లెక్కపెట్టారు. పన్ను కోసం కాదని చెప్పారు. 1928లో మగవాళ్ల మీద పన్ను వేసి వసూలు చేశారు. మరుసటి ఏడాది బెండే డివిజనుకు తాత్కాలికంగా వచ్చిన కుక్ అనే యువ అధికారి పాత జాబితాలు అసంపూర్తిగా ఉన్నాయనీ, ఈసారి ఆడవాళ్లను, పిల్లలను, పశువులను కూడా లెక్క రాయమనీ వారంటు పెద్దలను ఆదేశించాడు. మొన్న లెక్కపెట్టారు, నిన్న పన్ను వేశారు, ఇవాళ మమ్మల్ని లెక్కపెడుతున్నారు అని ఆడవాళ్లు అనుకోవడంలో తప్పేముంది?

ఒలోకో అనే ఊరి వారంటు పెద్ద ఒకుగో. లెక్క రాయడానికి అతను మార్క్ ఎమెరువా అనే మనిషిని పంపాడు. 1929 నవంబరులో ఒకరోజు ఎమెరువా ఒక ఇంటి వాకిట్లోకి వెళ్లేసరికి న్వాన్యెరువా అనే స్త్రీ పామాయిల్ పండ్ల నుంచి నూనె పిండుతోంది. మేకలను, గొర్రెలను, మనుషులను లెక్కపెట్టమన్నాడు. మీ అమ్మను లెక్కపెట్టావా అని ఆవిడ ఎదురడిగింది. మాట పెరిగింది, ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఆవిడ నూనె చేతుల గుర్తులు అతని మీద పడ్డాయి. ఆ ఊరి ఆడవాళ్లు అప్పటికే ఒక సభ చేసి, ఆడవాళ్లను లెక్కపెట్టే పని ఎవరి దగ్గరైనా మొదలైతే వెంటనే కబురు చేయాలని అనుకుని ఉన్నారు. న్వాన్యెరువా నేరుగా సంత దగ్గరున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లింది.

ఇక్కడి నుంచి జరిగిన ప్రతి అడుగూ తంగేడుపూలు గారు చెప్పిన పాత పద్ధతిలోనే జరిగింది. కబురుగా పామాయిల్ చెట్టు లేత మట్టలు ఊరూరికీ పంపారు. అది అందుకున్న ఊరి ఆడవాళ్లు పక్క ఊరికి అందించాలి. పుట్టినిల్లు ఒకచోట, మెట్టినిల్లు ఒకచోట ఉన్న ఆడవాళ్లకు ప్రతి ఊళ్లోనూ బంధువులున్నారు, సంత రోజుల చక్రం ఉండనే ఉంది. కొద్ది రోజుల్లో వేలమంది ఒలోకోలో దిగారు. ముఖాలకు బూడిద పూసుకుని, తలకు ఆకుపచ్చటి ఫెర్న్ ఆకులు చుట్టుకుని, ఆ లేత మట్టలు కట్టిన కర్రలు పట్టుకున్నారు. ఒకుగో ఇంటి మీద కూర్చున్నారు. అతని టోపీ, అంటే పెద్దరికానికి గుర్తైన టోపీ, తీసేయాలని పట్టుబట్టారు. అధికారులు చివరికి ఒకుగోను అరెస్టు చేసి విచారించి రెండేళ్ల శిక్ష వేశారు. ఒక వారంటు పెద్ద టోపీ ఆడవాళ్లు ఊడబీకించారన్న వార్త సంతల వెంట పరుగెత్తింది.

దరిమిలా ఓవెరి, కలబార్ ప్రావిన్సులంతటా ఇదే తంతు. 16 నేటివ్ కోర్టుల మీద దాడి జరిగింది, వాటిలో చాలావాటిని కూల్చారు లేదా తగలబెట్టారు. ఆబాలో ఇద్దరు ఆడవాళ్లను ఒక తెల్ల డాక్టరు కారు గుద్దడంతో అక్కడ జనం అదుపు తప్పి ఐరోపా కంపెనీల దుకాణాలను దోచారు. ఏ ఊళ్లోనైనా వాళ్లు ముందు వెతికింది కోర్టునూ, వారంటు పెద్దనూ, గుమాస్తానూ. ధరలే అసలు కారణమైతే నూనె కొనే కంపెనీలే మొదటి గురి కావాలి కదా, మెట్టసేద్యం గారూ?

మెట్టసేద్యం:
కంపెనీ దుకాణాలూ దోచారని మీరే రాశారు. ధర పడిన కోపం లేకపోతే అది జరిగేది కాదు. పేదవాడికి కోర్టు దగ్గరలో ఉంటుంది, కంపెనీ దూరంలో ఉంటుంది, దెబ్బ దగ్గరున్నదాని మీద పడుతుంది. ఇంతకంటే సాగదీయను. కాని ఒక్కటి అడుగుతాను. సైన్యం తుపాకులు ఎక్కుపెడుతుంటే అంతమంది ఆడవాళ్లు వెనక్కి తగ్గకుండా ఎందుకు నిలబడ్డారు?

తంగేడుపూలు:
మగవాడి మీద కూర్చున్న ఆడవాళ్ల మీద ఎవరూ చెయ్యి చేసుకోకూడదన్నది వాళ్లు పుట్టినప్పటి నుంచి చూసిన కట్టుబాటు. తెల్ల అధికారులు కూడా ఆడవాళ్ల మీద కాల్పులు జరపరని నమ్మారు. ఆ నమ్మకం వమ్మయింది. ఉటు ఎతిమ్ ఎక్పోలోనూ, అబాక్‌లోనూ, డిసెంబరు 16న ఒపోబోలోనూ సైనికులు కాల్చారు. మొత్తం మీద 50 మందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు, ఎక్కువ మంది ఒపోబోలోనే. ఆ పట్టణం ఇగ్బోలది మాత్రమే కాదు, అక్కడ చేరినవారిలో ఇబిబియో, అండోని అనే పొరుగు జాతుల ఆడవాళ్లూ ఉన్నారని మరచిపోకూడదు.

కాల్పులకు ముందు ఒపోబోలో జరిగినది వింటే మెట్టసేద్యం గారి ప్రశ్నకూ, ఆయన మొదటి వాదనకూ కొంత జవాబు దొరుకుతుంది. ఆడవాళ్ల ప్రతినిధులు జిల్లా అధికారి ముందు కూర్చుని తమ కోరికలు టైపు చేయించారు. ఆడవాళ్ల మీద పన్ను ఉండకూడదు. సొంత ఆస్తి లెక్కపెట్టకూడదు. సంత పాకకు అద్దె తీసుకోకూడదు. ఆటలు ఆడుకోవడానికి లైసెన్సు రుసుము ఉండకూడదు. ఫలానా వ్యక్తి తమకు ముఖ్య పెద్దగా ఉండకూడదు. మగవాళ్లు కూడా పన్ను కట్టకూడదు. ఒళ్లమ్ముకునే ఆడవాళ్లను అరెస్టు చేయాలని కూడా ఒక కోరిక ఉంది, అది మనకు నచ్చినా నచ్చకపోయినా వాళ్ల మాటే. ఇది ఒపోబో, బోనీ, అండోని ఆడవాళ్ల తరఫున చెప్తున్నదని చివర రాయించారు. పన్ను, సంత, ఆట, పెద్దరికం, ఊరి నీతి అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ధర వేరు, కట్టుబాటు వేరు అన్న విభజన మనది. ప్రతి ఊరికీ ఒక్కో ప్రతి కావాలని కూడా అడిగారు. కాగితంతో వచ్చిన పెద్దలను కాగితంతోనే దించాలనుకున్నారు కాబోలు. కాల్పులు మొదలైంది ఆ కాగితాల పని ముగిసేలోపే.

సీలేరు:
ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి నేను ఎత్తకతప్పదు. అక్కడి పాత కట్టుబాట్లన్నీ మల్లెపూల దండలు కావు. కవల పిల్లలు పుడితే అరిష్టమని అడవిలో వదిలేసేవారు. కలబార్ వైపు మేరీ స్లెస్సర్ అనే స్కాట్లాండ్ మిషనరీ అలాంటి పిల్లలను తెచ్చి పెంచింది. దేవతకు అంకితమైన ఓసు అనే వర్గాన్ని తరతరాలుగా వెలిగా ఉంచారు, వాళ్లతో పెళ్లి లేదు, పొత్తు లేదు. వలస పాలనా, మిషనరీలూ రాకపోతే ఇవి పోయేవా? ఊరి చివర మాలపల్లి, మాదిగపల్లి ఉన్న దేశం నుంచి రాస్తున్న మనం దీన్ని దాటవేస్తే బాగుండదు.

వంశధార:
దాటవేయనక్కరలేదు. కవలల హత్యను ఆపడంలో మిషనరీల పాత్ర నిజం. మొదట చర్చికి వెళ్లినవారిలో ఓసులు ఎక్కువమంది ఉండడం కూడా నిజం. ఊరు ఇవ్వని చోటు చర్చి ఇచ్చింది. కాని ఓసు విషయంలో ఖాతా పాలకులకు రాయకండి. దాన్ని చట్టం ద్వారా రద్దు చేసింది 1956లో నైజీరియా తూర్పు ప్రాంత శాసనసభ, అంటే ఇగ్బోలు తామే నడిపిన ప్రభుత్వం. అంత కాలం రాజ్యం చేసిన బ్రిటిష్ వారు చేయలేదు. ఇప్పటికీ పెళ్లి సంబంధాల దగ్గర ఆ వెలి తల ఎత్తుతూనే ఉంటుంది.

పాలకులు ఏ కట్టుబాటును కాపాడారు, దేన్ని తొక్కారు అన్నదానికి అహెబి ఉగ్బాబె కథ చాలు. ఎనుగు-ఎజికెలో పుట్టిన ఈమెను చిన్నవయసులో, తండ్రి చేసిన తప్పుకు పరిహారంగా, ఒక దేవతకు అంకితం చేయబోయారు. ఆ బతుకు ఇష్టం లేక ఆమె పొరుగు జాతివారైన ఇగాలాల దేశానికి పారిపోయింది, వేశ్యగా బతికింది, అక్కడి భాషలు నేర్చింది. బ్రిటిష్ సేన ఉత్తరం నుంచి వచ్చినప్పుడు వాళ్లకు దారి చూపుతూ పుట్టిన ఊరికి తిరిగివచ్చింది. ఆమెకు వారంటు ఇచ్చారు. వలస నైజీరియాలో వారంటు పొందిన స్త్రీ ఆమె ఒక్కతే. ఇగాలా రాజు అండతో రాజు అనిపించుకుంది. ఇగ్బోలలో డబ్బున్న స్త్రీ కన్యాశుల్కం ఇచ్చి మరొక స్త్రీని భార్యగా తెచ్చుకోవడం పాత ఆచారమే, ఆమె అలా చాలామందిని తెచ్చుకుంది. ఇంతవరకు ఊరు సహించింది. పూర్వీకుల ఆత్మలకు ప్రతిరూపంగా వేసే ముసుగు వేషాన్ని మగవాళ్లే ఆడించాలి అన్న నియమం దాటి తన పేరిట ఒక ముసుగును ఊరేగించినప్పుడు మాత్రం పెద్దలు దాన్ని లాక్కున్నారు. ఆమె వలస అధికారుల దగ్గరికి వెళ్లింది. వాళ్లు పెద్దల పక్షమే పట్టారు. తాము నిలబెట్టిన ఏకైక స్త్రీ పెద్దకే అండగా నిలవలేదు. తను పోయాక ఊరు తగిన మర్యాద చేయదని తెలిసి ఆమె బతికుండగానే తన అంత్యక్రియలు తానే ఘనంగా జరిపించుకుంది. 1948లో కన్నుమూసింది.

సీలేరు:
అహెబి కథ నాకు కొత్త. ఇది విన్నాక మరో ప్రశ్న పుట్టింది. ఆమె ఊరి పాత కట్టుబాటుకూ బాధితురాలే, కొత్త అధికారంలో పీడకురాలూ అయ్యే ఉంటుంది. వారంటు చేతికొచ్చాక ఆమె బలవంతపు కూలి, పన్ను వసూలు చేయించలేదా?

వంశధార:
చేయించింది. పన్ను కోసం మనుషులను లెక్కపెట్టించే పనిలో ఆమె అధికారులకు సహకరించడం ఊరివాళ్లకు మింగుడుపడలేదు. ఆడది కాబట్టి ఆడవాళ్ల పక్షాన ఉంటుందని మనం అనుకోవలసిన పని లేదు. 1929 అల ఆమె ఉన్న ఉత్తర ఇగ్బో సీమను పెద్దగా తాకకుండానే పోయింది.

మెట్టసేద్యం:
ఇంత రక్తం పారాక వారంటు పెద్దలు ఏమయ్యారు? పన్ను పోయిందా?

పాతకాగితం:
పన్ను పోలేదు. ఆడవాళ్ల మీద వేయబోమని గట్టిగా చెప్పారు, మగవాళ్ల పన్ను కొనసాగింది. గొడవ జరిగిన ఊళ్ల మీద సామూహిక జరిమానాలు వేశారు, కొన్నిచోట్ల ఇళ్లు తగలబెట్టారు. కాల్పులపై మొదట ఇద్దరు అధికారులతో వేసిన విచారణ అధికారులను తప్పుపట్టలేదు. రాజధాని లాగోస్‌లో దీనిపై నిరసన వచ్చాక 1930లో డొనాల్డ్ కింగ్డన్ అధ్యక్షతన పెద్ద కమిషన్ వేశారు, అందులో ఇద్దరు ఆఫ్రికన్ న్యాయవాదులకు చోటిచ్చారు. ఆ కమిషన్ ముందు ఆడవాళ్లు చెప్పిన సాక్ష్యాలు ఇప్పుడు చదివినా చెవిలో వినిపిస్తున్నట్టే ఉంటాయి. ఒకరు ఆడవాళ్లను పండ్లు కాసే చెట్లతో పోల్చి, అలాంటివాళ్లను ఎందుకు లెక్కపెడుతున్నారో కారణం చెప్పమని కమిషన్‌నే నిలదీసింది. దేశం మారిపోయిందని, చనిపోతున్నామని మరొకరు చెప్పుకున్నారు.

గొడవ తర్వాత పాలకులకు ఒక్కసారిగా ఇగ్బోల గురించి తెలుసుకోవాలన్న జ్ఞానోదయమైంది. అధికారులను ఊళ్లకు పంపి వందల కొద్దీ నివేదికలు రాయించారు. మీక్ అనే ప్రభుత్వ మానవశాస్త్రవేత్త వచ్చాడు. సిల్వియా లీత్-రాస్, మార్గరెట్ గ్రీన్ అనే ఇద్దరు మహిళలు ప్రత్యేకంగా ఆడవాళ్ల జీవితాన్ని పరిశీలించడానికి వచ్చారు. ముప్పయి ఏళ్లు పాలించాక వేసిన ప్రశ్నలవి. 1933 ప్రాంతంలో వారంటు పద్ధతిని ఎత్తివేసి, ఊరి పెద్దలందరూ కూర్చునే కోర్టులు పెట్టారు. కొన్నిచోట్ల ఒకరిద్దరు ఆడవాళ్లను అందులోకి తీసుకున్నారు. ఆడవాళ్ల సభకు మాత్రం పాలనలో ఏ స్థానమూ ఇవ్వలేదు. పైగా తన హక్కును తాను చేతబట్టి తీర్చుకోవడం నేరమన్న కొత్త చట్టం కింద, మగవాడి మీద కూర్చోవడం అనే శిక్షకు ఇక తావు లేకపోయింది.

రేవుపట్నం:
శిక్ష చట్టంలో పోయిందేమో గాని జనంలో పోలేదు. 1940ల్లో నూనె మిల్లులు వచ్చినప్పుడు, గెలలు నేరుగా మిల్లుకు పోతే గింజల డబ్బు తమకు దక్కదని ఆడవాళ్లు వాటిని అడ్డుకున్నారు. మెట్టసేద్యం గారికి ఇది నచ్చే వాదనే. 1958లో తూర్పు ప్రాంత ప్రభుత్వం ఉచిత ప్రాథమిక విద్యను వెనక్కి తీసుకుని ఫీజులు పెట్టినప్పుడు కూడా ఆడవాళ్లే వేల సంఖ్యలో రోడ్ల మీదికి వచ్చారు. అప్పటికి ప్రభుత్వంలో ఉన్నది తెల్లవాళ్లు కాదు, అక్కడి బిడ్డలే.

వారంటు పెద్దల సంగతికి వస్తే, 1970ల తర్వాత అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలు ఒక్కో సమూహాన్ని స్వయంపాలిత సమాజంగా గుర్తించి, దానికి ఎజె అనే పేరుతో ఒక సంప్రదాయ పాలకుడికి ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టాయి. రాజు లేడని చెప్పుకున్న జాతిలో ఇప్పుడు వందల మంది ఎజెలున్నారు. నేను కలిసినవారిలో ఒకరు ప్రభుత్వం ఇచ్చిన ఆ కాగితానికి గాజు పటం కట్టించి వరండాలో తగిలించారు. ఎర్రటి టోపీ పెట్టుకుని, నాకు కోలాకాయ ఇచ్చి, మా వంశంలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పదవి అని చెప్పారు. పక్కన కూర్చున్న ఆయన అక్కగారు మాత్రం ఆ మాటకు ఏమీ అనకుండా గింజలు పగలగొట్టుకుంటూ ఉండిపోయారు.

సీలేరు:
ఆ కాగితం ఎవరికి ఇవ్వాలన్న తగాదా వస్తే ఇప్పుడు ఎవరు తీరుస్తారు, రేవుపట్నం గారూ?

రేవుపట్నం:
హైకోర్టు. ఒక్కో ఎజె పదవి మీద ఏళ్ల తరబడి దావాలు నడుస్తుంటాయి. ఆ దావాల్లో ఇరుపక్షాలూ తమదే పాత సంప్రదాయమని రుజువు చేసుకోవడానికి, 1930ల్లో ఆ జిల్లా అధికారులు రాసిన నివేదికలనే ఆధారంగా దాఖలు చేస్తుంటారు.